ఫిగర్ స్కేటర్లు ప్యాడ్స్ ఎందుకు వేసుకోరు? వేసుకోవాలా? ఒక్క ప్రశ్నలో కలిసిపోయిన చాలా ప్రశ్నలు

వింటర్ ఒలింపిక్స్ వచ్చిన ప్రతిసారీ ఈ ప్రశ్న మళ్లీ లేస్తుంది. అంత స్పీడ్‌లో వెళ్లి గాల్లో నాలుగు చుట్లు తిరిగి దభీమని పడ్డ స్కేటర్‌ని స్లో మోషన్‌లో చూపిస్తారు, ఒంటి మీద పల్చటి డ్రెస్ తప్ప ఇంకేమీ ఉండదు, అదే ఐస్ మీద ఆడే హాకీ వాళ్లేమో తల నుంచి కాళ్ల దాకా ప్యాడ్లతో నిండిపోయి ఉంటారు. మరి వీళ్లెందుకు వేసుకోరు అని చూసేవాళ్లకి అనిపించడం సహజం. జవాబులు మాత్రం ఒకదానికొకటి పొసగవు. ప్యాడ్ వేసుకుంటే జంప్ రాదు అని ఒకరంటారు, చూడ్డానికి బాగోదు అని ఇంకొకరు, మా అమ్మాయి రోజూ వేసుకునే ప్రాక్టీస్ చేస్తుంది కదా అని మరొకరు. ముగ్గురూ కొంత కరెక్టే, కాకపోతే ముగ్గురూ మాట్లాడేది వేరే వేరే విషయాలు. ఏ రకం దెబ్బ, ఎవరికి, ప్రాక్టీస్‌లోనా పోటీలోనా అని విడదీస్తే గానీ ఇది తేలదు.

నా వరకు తేలిందేంటంటే, గొడవంతా పోటీ డ్రెస్ చుట్టూ తిరుగుతోంది, స్కేటర్లు పడేది మాత్రం ఎక్కువగా ప్రాక్టీస్‌లో. ఎందుకలా అంటున్నానో మొదట్నుంచీ చెప్తాను.

అసలు ప్యాడ్స్ అంటే ఏవి

హాకీ ప్యాడ్స్‌ని ఊహించుకోవద్దు. స్కేటర్లు వాడేవి చిన్నవి, పల్చటివి, ఎక్కువగా బట్టల లోపల వేసుకునేవి. తుంటికి రెండు పక్కలా, వెనకాల టెయిల్‌బోన్ (వెన్నెముక చివరి ఎముక) దగ్గర ఫోమ్ కుట్టిన బిగుతు షార్ట్స్ ఉంటాయి, వాటిని క్రాష్ ప్యాంట్స్ అంటారు. ఫోమ్ బదులు జెల్ ప్యాడ్స్ కూడా ఉన్నాయి, వీటిని షార్ట్స్ లోపలి జేబుల్లో పెట్టుకుంటారు, కావాల్సిన చోటికి జరుపుకోవచ్చు. మామూలుగా మెత్తగా ఉండి, దెబ్బ తగిలిన క్షణంలో బిగుసుకునే డీ3ఓ లాంటి మెటీరియల్‌తో చేసినవి ఇంకో రకం. ఇవి కాక మోకాలి ప్యాడ్స్, మోచేతి ప్యాడ్స్, మణికట్టుకి గార్డ్స్, పిల్లలకి హెల్మెట్లు, తల చుట్టూ పెట్టే మెత్తటి బ్యాండ్లు.

పడటం అంటే ఏంటో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ ఆటలో దానికి అఫీషియల్ అర్థం ఉంది. అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్, అంటే ఐఎస్‌యూ లెక్క ప్రకారం స్కేటర్ కంట్రోల్ తప్పి, ఒంటి బరువులో ఎక్కువ భాగం బ్లేడ్ల మీద కాకుండా చేతులు, మోకాళ్లు, వీపు, పిరుదులు లాంటి వేరే భాగాల మీద పడితే అది ఫాల్. సీనియర్ పోటీల్లో మొదటి రెండు ఫాల్స్‌కి ఒక్కో పాయింట్, మూడో, నాలుగో ఫాల్స్‌కి రెండేసి, ఐదో ఫాల్ నుంచి మూడేసి పోతాయి. ఈ లిస్టులో ఉన్న శరీర భాగాలన్నిటికీ దెబ్బ ఒకే రకంగా తగలదు, ప్యాడ్ చేసే సాయం కూడా ఒకేలా ఉండదు.

పడినప్పుడు ఏం జరుగుతుంది: ఒక చిన్న లెక్క

ఐస్ పైపైన మెత్తగా కనిపించినా రింక్‌లో అది కొన్ని సెంటీమీటర్ల మందం మాత్రమే ఉంటుంది, చాలా రింకుల్లో దాని కింద కాంక్రీటే. కుంగదు. కాబట్టి పడ్డ మనిషిని ఆపేది ఆ మనిషి చర్మం, కొవ్వు, కండ మాత్రమే.

లెక్క కోసం ఇలా అనుకుందాం. తుంటి 1 మీటర్ ఎత్తు నుంచి ఐస్ మీదకి వచ్చింది. పడేటప్పుడు ఒళ్లంతా ఒకేసారి తగలదు కాబట్టి ఆ దెబ్బలో పాలుపంచుకున్న బరువు 25 కిలోలు అనుకుందాం. 1 మీటర్ అంటే 100 సెంటీమీటర్లు. 100 సెంటీమీటర్లు పడి వచ్చిన శక్తిని కండా కొవ్వూ నొక్కుకుని 2 సెంటీమీటర్లలో ఆపితే, సగటు బలం ఆ బరువుకి 50 రెట్లు, అంటే 1,250 కిలోల బరువు మోపినంత. ఇప్పుడు మధ్యలో ప్యాడ్ వచ్చి ఇంకో 1 సెంటీమీటర్ నొక్కుకుంది అనుకోండి, ఆగే దూరం 3 సెంటీమీటర్లు అయింది, బలం 33 రెట్లకి, అంటే సుమారు 830 కిలోలకి దిగింది. ఒక్క సెంటీమీటర్‌కి మూడో వంతు తగ్గింది!

ఇది సగటు లెక్క, నిజమైన పడటంలో బలం ఒక క్షణం దీనికంటే ఎక్కువకి వెళ్లి దిగుతుంది, కానీ లెక్క తీరు ఇదే. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. 1 సెంటీమీటర్ మందం ఉన్న ప్యాడ్ 1 సెంటీమీటర్ నొక్కుకోదు, ఏ ఫోమ్ అయినా కొంత నొక్కుకున్నాక గట్టిపడిపోతుంది, కాబట్టి అంత ఫలితం రావాలంటే మందం ఇంకా ఎక్కువ కావాలి. మరీ మెత్తటి ఫోమ్ అయితే పూర్తిగా అణిగిపోయి చివర్లో ఎముక ఐస్‌కే తగిలినట్టు అవుతుంది, వేలితో నొక్కి చూసి భలే మెత్తగా ఉంది అనుకుని కొన్న ప్యాడ్ పెద్ద ఫాల్‌లో పనిచెయ్యకపోవడానికి ఇదొక కారణం.

బలం తగ్గించడం ఒక్కటే కాదు, పరచడం కూడా ప్యాడ్ పనే. తుంటి పక్కన చేత్తో నొక్కితే తగిలే ఆ ఎముక పొడుచుకుని ఉంటుంది, దాని మీద కండ పల్చగా ఉంటుంది. మంచి ప్యాడ్ ఆ ఒక్క పాయింట్ మీద పడాల్సిన దెబ్బని చుట్టూ ఉన్న కండ మీదకి పంచుతుంది. స్కేటింగ్‌లో ఇది ముఖ్యం, ఎందుకంటే ఎక్కువమంది స్కేటర్లు ఎడమవైపుకి తిరుగుతూ కుడికాలి మీద ల్యాండ్ అవుతారు, ఒకే జంప్ మళ్లీ మళ్లీ ఒకే రకంగా తప్పుతుంది, దాంతో దెబ్బ కూడా అదే పక్కన అదే చోట పడుతూ ఉంటుంది. ఒక్కసారి పడితే కమిలిపోతుంది అంతే, మానేలోపే మళ్లీ మళ్లీ అక్కడే పడితే లోపల నీరు చేరి గడ్డలా వాచిపోతుంది, తుంటి పక్కనున్న బర్సా అనే తిత్తి వాచి పడుకుంటే కూడా నొప్పి పెడుతుంది. ప్యాడ్‌కి అసలు బలమైన కేసు ఇక్కడుంది.

ఐస్ చేసే సాయం కూడా ఒకటుంది, జారడం. స్కేటర్ ముందుకి వెళ్తున్న వేగం అంతా దెబ్బగా మారదు, పడ్డాక జారుతూ ఖర్చయిపోతుంది. ప్యాడ్ మీద గుడ్డ గరుకుగా ఉండి ఐస్‌ని పట్టుకుంటే ఆ సాయం తగ్గి ఒళ్లు మెలిపడొచ్చు, అందుకే ప్యాడ్ పైన వేసుకునే ప్యాంట్ నున్నగా ఉండటం మంచిది.

పడకపోయినా తగిలే దెబ్బ

ఈ సంగతి బయటివాళ్లకి కనపడదు. శుభ్రంగా దిగిన జంప్‌లో కూడా ల్యాండింగ్ కాలి మీద ఒంటి బరువుకి 5 నుంచి 8 రెట్ల దాకా బలం పడుతుంది. బూట్ గట్టిగా ఉంటుంది కాబట్టి చీలమండ పూర్తిగా వంగి దెబ్బని మింగలేదు, అది మోకాలికి, తుంటికి, నడుముకి వెళ్తుంది. రోజుకి పదుల సంఖ్యలో జంప్స్ చేసే స్కేటర్లకి వచ్చే స్ట్రెస్ ఫ్రాక్చర్లు (ఎముకలో సన్నటి పగుళ్లు), మోకాలి కింద నొప్పి, నడుము నొప్పి చాలావరకు ఇలా పేరుకున్నవే. ఏ క్రాష్ ప్యాంట్స్ కూడా వీటిని ముట్టుకోలేవు.

ప్యాడ్స్ తప్పనిసరి చేస్తే స్కేటర్ల గాయాలు తగ్గిపోతాయి అనే మాట ఇక్కడే ఆగిపోతుంది. ఈ రకం గాయాలకి మందు వేరే ఉంది, రోజుకి ఎన్ని జంప్స్ చేయించాలి, ఎదిగే వయసులో ఎంత రెస్ట్ ఇవ్వాలి, బూట్ ఎలా ఉండాలి అన్నది. చీలమండ దగ్గర మడిచేలా కీలు ఉన్న బూట్లు డిజైన్ చేశారు కూడా, అవి పెద్దగా వాడకంలోకి రాలేదు. సీనియర్ పోటీలకి కనీస వయసుని 15 నుంచి 17కి పెంచుతూ 2022లో ఐఎస్‌యూ తీసుకున్న నిర్ణయానికి కూడా పిల్లల ఒంటి మీద, మనసు మీద పడే భారం ఒక కారణం.

ప్యాడ్ వేసుకుంటే జంప్ రాదా? లెక్క చూద్దాం

ఎక్కువగా వినిపించే అభ్యంతరం ఇదే. జంప్‌లో స్కేటర్ సుమారు 50 సెంటీమీటర్లు లేస్తే గాల్లో ఉండే టైమ్ 0.64 సెకండ్లు. అందులోనే క్వాడ్ తిరగాలి, అంటే నాలుగు చుట్లు. 2022 సెప్టెంబర్‌లో అమెరికాలోని లేక్ ప్లాసిడ్‌లో అమెరికన్ స్కేటర్ ఇలియా మాలినిన్ మొదటిసారి పోటీలో దింపిన క్వాడ్ యాక్సెల్ అయితే నాలుగున్నర చుట్లు, యాక్సెల్ అంటే ముందుకి చూస్తూ ఎగిరే జంప్ కాబట్టి అర చుట్టు ఎక్కువ. అంత వేగం రావాలంటే చేతులు కాళ్లు ఒంటికి అతుక్కుపోయేలా లాక్కోవాలి, బరువు మధ్య గీతకి ఎంత దగ్గరగా ఉంటే అంత వేగంగా తిరుగుతారు. దూరం రెట్టింపైతే తిరగడానికి వచ్చే ఇబ్బంది నాలుగు రెట్లు.

రెండు తుంటి ప్యాడ్స్ కలిపి 400 గ్రాములు, మధ్య గీత నుంచి 17 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి అనుకుందాం. బిగుతుగా ముడుచుకున్న స్కేటర్ ఒంటికి తిరగడంలో ఉండే జడత్వం కిలోగ్రాం, మీటర్ లెక్కల్లో సుమారు 1 అనుకుంటే, ప్యాడ్స్ దానికి కలిపేది దాదాపు 0.012, అంటే 1 శాతం చిల్లర. నాలుగు చుట్లు అంటే 1,440 డిగ్రీలు, అందులో ఆ కొంచెం తగ్గితే దాదాపు 17 డిగ్రీలు. జడ్జింగ్‌లో చుట్టు పావు వంతు, అంటే 90 డిగ్రీలు తగ్గితే గానీ జంప్ పక్కన మార్క్ పడదు. కాబట్టి ప్యాడ్ వల్ల జంప్ రాదు అనడం పెద్ద మాటే, అలాగని తేడా సున్నా కాదు, సరిగ్గా అంచున ఉన్న స్కేటర్‌కి ఆ 17 డిగ్రీలు పాయింట్లు. అదే ప్యాడ్ ఇంకో 7 సెంటీమీటర్లు బయటికి పొడుచుకుని ఉంటే ఈ ప్రభావం రెట్టింపవుతుంది, అందుకే స్కేటర్లు పల్చటివి వెతుకుతారు.

మోకాలి ప్యాడ్ సంగతి వేరు. దాని సమస్య బరువు కాదు, అడ్డం. గాల్లో కాళ్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని నొక్కి పట్టుకోవాలి, మధ్యలో మందమైన ప్యాడ్ వస్తే కాళ్లు దగ్గరికి రావు, మొత్తం పొజిషన్ వదులైపోతుంది. ఈ విషయంలో కోచ్‌లు చెప్పేది పూర్తిగా సబబు. పైగా మోకాలి ప్యాడ్ ఎముకకి తగిలే దెబ్బనే ఆపుతుంది, మెలిపడితే ఎముకల్ని కలిపి పట్టుకునే లిగమెంట్‌ని కాపాడలేదు.

అలవాటు అనే ఇంకో కోణం ఉంది. ప్యాడ్‌తో నేర్చుకున్న జంప్‌ని పోటీ రోజు ప్యాడ్ లేకుండా చేస్తే ఒళ్లు తేలిగ్గా వేరేలా అనిపిస్తుంది, టైమింగ్ మారుతుంది. నిజమే, కానీ దీనికి చాలామంది చేసేది తెలిసిందే, కొత్త జంప్ నేర్చుకునే వారాల్లో వేసుకుంటారు, జంప్ నిలబడ్డాక తీసేసి చేస్తారు.

పోటీలో ఎందుకు కనపడవు

ఐఎస్‌యూ డ్రెస్ రూల్ అడిగేది డ్రెస్ హుందాగా, పద్ధతిగా, ఆటల పోటీకి తగ్గట్టు ఉండాలని. డ్రెస్ లోంచి ఏదైనా ఊడి ఐస్ మీద పడితే 1 పాయింట్ కోత ఉంది. లోపల పల్చటి ప్యాడ్ ఉందా లేదా అన్నది ఆ రూల్ పట్టించుకునే విషయం కాదు, వేసుకునే స్కేటర్లు వేసుకుంటారు కూడా. అయినా తక్కువమందే, ఎందుకంటే ఈ ఆటలో ఒంటి గీత, కాలు చాచిన తీరు, కదలిక అందం కూడా మార్కుల్లో భాగం. ఉబ్బెత్తుగా ఏదైనా కనిపిస్తే జడ్జికి అది మరోలా అనిపిస్తుందేమో అనే భయం స్కేటర్లకి ఉంటుంది. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు, ఏళ్ల కష్టం నాలుగు నిమిషాల్లో తేలే చోట ఏ చిన్న రిస్క్ కూడా ఎవరూ తీసుకోరు.

జిమ్నాస్టిక్స్‌తో పోల్చి చూస్తే ఒకటి అర్థమవుతుంది. అక్కడా ఒంటి మీద ప్యాడ్స్ ఉండవు, కానీ వాళ్లకి మెత్తదనం నేలలోనే పెట్టారు, స్ప్రింగ్ ఫ్లోర్, ల్యాండింగ్ మ్యాట్స్, ప్రాక్టీస్‌లో ఫోమ్ నింపిన గుంతలు. ఐస్‌కి అది కుదరదు, మెత్తగా చేస్తే అది ఐస్ కాదు. కాబట్టి ఈ ఆటలో మెత్తదనం అంటూ ఉంటే ఒంటి మీదే ఉండాలి, లేదా పైనుంచి తాడుతో పట్టుకునే హార్నెస్‌లో ఉండాలి.

సింగిల్స్ పోటీలో ప్రతి స్కేటర్ రెండుసార్లు స్కేట్ చేస్తారు, చిన్నది షార్ట్ ప్రోగ్రాం, పెద్దది ఫ్రీ ప్రోగ్రాం. 2025-26 సీజన్ రూల్ ప్రకారం ఫ్రీ ప్రోగ్రాంలో జంప్ ప్రయత్నాలు గరిష్ఠంగా 7. షార్ట్ ప్రోగ్రాంలో 3. రెండూ కలిపి 10. ప్రాక్టీస్ చూడండి, రోజుకి 40 జంప్స్ చేస్తూ అందులో 5 సార్లు పడే స్కేటర్ వారానికి ఐదు రోజుల్లో 25 సార్లు, 40 వారాల్లో 1,000 సార్లు పడతారు. ఇది ఊహించిన లెక్కే గానీ, రెండు వైపులా ఎంత తేడా ఉందో చూపించడానికి చాలు. ఆ 1,000 సార్లు జడ్జి లేరు, డ్రెస్ లేదు, కెమెరా లేదు. అక్కడ ప్యాడ్ వద్దనడానికి నాకైతే బలమైన కారణం కనపడలేదు. జంట స్కేటింగ్‌లో అమ్మాయిని పార్ట్‌నర్ గాల్లోకి విసిరే త్రో జంప్స్‌లో ఎత్తు, దూరం, వేగం అన్నీ ఎక్కువ, వాటిని నేర్చుకునేటప్పుడు తుంటి ప్యాడ్స్ వేసుకోవడం చాలాకాలంగా మామూలే.

తల గాయాల సంగతి వేరే

జనం గుర్తుపెట్టుకున్న ఘోరమైన ప్రమాదాలు చూస్తే వాటిలో తుంటి ప్యాడ్ ఆపగలిగింది ఒక్కటి కూడా లేదు. 1996 జనవరిలో జంట స్కేటర్ ఎలెనా బెరెజ్నాయా ప్రాక్టీస్‌లో పక్కపక్కన స్పిన్ చేస్తుంటే పార్ట్‌నర్ బ్లేడ్ తలకి తగిలి పుర్రె ఎముక చిట్లింది, మాట్లాడటం మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. ఆమె కొత్త పార్ట్‌నర్‌తో 1998లో ఒలింపిక్ రజతం, 2002లో స్వర్ణం గెలిచింది. 2004 అక్టోబర్‌లో పిట్స్‌బర్గ్‌లో మరో జంట స్కేటర్ తాతియానా తోత్‌మియానినా, పార్ట్‌నర్ తన తల పైకి ఎత్తి పట్టుకునే లిఫ్ట్ లోంచి జారి తల నేరుగా ఐస్‌కి కొట్టుకుంది, 2006 ఒలింపిక్స్‌లో ఆమెది కూడా స్వర్ణమే. 2007లో కెనడా జంట స్కేటర్ జెస్సికా దుబే ముఖానికి పార్ట్‌నర్ బ్లేడ్ తగిలి చీరుకుపోయింది. 2014 నవంబర్‌లో షాంఘైలో వార్మప్‌లో జపాన్ స్కేటర్ యుజురు హన్యు, చైనా స్కేటర్ యాన్ హాన్ ఎదురెదురుగా గుద్దుకున్నారు, హన్యు తలకి కట్టు కట్టుకుని వచ్చి స్కేట్ చేసి ఐదుసార్లు పడ్డాడు. అప్పట్లో దాన్ని వీరత్వం అన్నవాళ్లున్నారు, ఆ స్థితిలో ఐస్ మీదకి వెళ్లనివ్వకూడదు అన్నవాళ్లూ ఉన్నారు. నేను రెండోవాళ్ల వైపే.

మరి హెల్మెట్ పెట్టొచ్చు కదా అంటే, హెల్మెట్ ముఖ్యంగా పుర్రె పగలకుండా కాపాడుతుంది. కంకషన్, అంటే మెదడు అదిరి దాని పని కొంతకాలం దెబ్బతినడం, మాత్రం తల ఒక్కసారిగా ఆగినప్పుడో మెలి తిరిగినప్పుడో మెదడు లోపల కదలడం వల్ల వస్తుంది, దాన్ని హెల్మెట్ పూర్తిగా ఆపలేదు. వేగంగా తిరిగే స్కేటర్ తల మీద అదనపు బరువు మెడ మీద, బ్యాలెన్స్ మీద పడుతుంది, పై స్థాయిలో ఎవరూ పెట్టుకోకపోవడానికి అదీ ఒక కారణం. అప్పుడే నేర్చుకుంటున్న వాళ్లకి ఈ అభ్యంతరాలు ఏవీ వర్తించవు. కాళ్లు ముందుకి జారి వెనక్కి పడి తల వెనక భాగం కొట్టుకోవడం వాళ్లలోనే ఎక్కువ. కెనడాలో స్కేట్ కెనడా వాళ్ల బిగినర్స్ ప్రోగ్రాంలో ఐదో స్టేజ్ దాకా హాకీ హెల్మెట్ తప్పనిసరి చేసింది ఇందుకే. సైకిల్ హెల్మెట్ కాకుండా హాకీ హెల్మెట్ అనడానికీ కారణం ఉంది, మామూలు సైకిల్ హెల్మెట్‌లో ఫోమ్ ఒక పెద్ద దెబ్బకి నలిగి అక్కడితో పని అయిపోతుంది, హాకీది పదేపదే తగిలే దెబ్బల కోసం చేసింది. తల చుట్టూ బ్యాండ్ అయితే ఆ పట్టీ ఉన్నంత మేరే, దాన్ని హెల్మెట్‌కి సమానం అనుకోకూడదు.

"పడటం నేర్చుకోవాలి" అనేవాళ్ల వాదన

చాలామంది పాత కోచ్‌లు చెప్పే మాట ఇది. పక్కకి తిరిగి కండ ఉన్న చోట పడాలి, చేతులు చాచి ఆపుకోకూడదు, గడ్డం ఛాతీకి ఆనించాలి, పడ్డాక జారనివ్వాలి. ప్యాడ్ ఉంటే పిల్లలు ఇవన్నీ నేర్చుకోకుండా దాని మీదే ఆధారపడతారు, ఇంకా తెగించి ప్రయత్నిస్తారు అంటారు. దీన్ని కొట్టిపారెయ్యలేను, రక్షణ ఉందనుకున్నప్పుడు మనుషులు రిస్క్ పెంచుకోవడం ఉన్నదే. కానీ అవతలివైపు మాట కూడా వినాలి, పడతామనే భయంతో మధ్యలో చేతులు విప్పేసే స్కేటర్లే ఎక్కువ పడతారు, సగంలో వదిలేసిన జంప్‌లో కాలు మెలిపడే ప్రమాదం ఎక్కువ. నొప్పి భయం తగ్గితే జంప్ పూర్తిగా తిరగడానికి ధైర్యం వస్తుంది. ప్యాడ్ వేసుకుని కూడా సరిగ్గా పడటం నేర్పించొచ్చు, ఒకటి ఉంటే ఇంకోటి వద్దనే రూల్ ఎక్కడా లేదు.

ఇంకో పాఠం వేరే రంగం నుంచి వస్తుంది. పెద్దవయసు వాళ్ల తుంటి ఎముక విరగకుండా వేసే ప్రొటెక్టర్ల మీద చాలా పరిశోధన జరిగింది. సంరక్షణ కేంద్రాల్లో కొంత ఉపయోగం కనిపించింది, ఇళ్లల్లో ఉండేవాళ్లలో స్పష్టమైన తేడా రాలేదు, దానికి ఒక పెద్ద కారణం వేసుకోవడం మానెయ్యడమే. వేడిగా ఉందని, జారిపోతుందని, లావుగా కనిపిస్తున్నామని తీసేస్తారు. స్కేటర్లకీ ఇది వర్తిస్తుంది, కొలత సరిపోకపోయినా పక్కకి జరిగినా అది బ్యాగ్‌లోనే ఉండిపోతుంది.

పెద్దయ్యాక మొదలుపెట్టేవాళ్లు

వీళ్ల గురించి తక్కువ మాట్లాడతారు, నిజానికి ప్యాడ్ అవసరం వీళ్లకే ఎక్కువ. పొడుగు ఎక్కువ, బరువు ఎక్కువ, పడేటప్పుడు బిగుసుకుపోతారు, వయసుతో ఎముక బలం తగ్గి ఉండొచ్చు. చిన్నపిల్ల లేచి దులుపుకుని వెళ్లే ఫాల్‌లో వీళ్లకి మణికట్టు విరుగుతుంది. చెయ్యి చాచి ఆపుకోవడం పెద్దవాళ్లలో మానడం కష్టం, అది ఆలోచించి చేసేది కాదు. రోడ్ల మీద చేసే ఇన్‌లైన్ స్కేటింగ్‌లో 1996లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో గార్డ్స్ వేసుకోని వాళ్లకి మణికట్టు గాయం అయ్యే అవకాశం సుమారు పది రెట్లు ఎక్కువని తేలింది. ఐస్ వేరు, రోడ్ వేరు, ఆ అంకెని ఇక్కడ యథాతథంగా వాడలేం, కానీ చెయ్యి ఆనించి పడే తీరు మాత్రం రెండు చోట్లా ఒకటే.

టెయిల్‌బోన్ దెబ్బ ఇంకా మొండిది. దానికి కట్టు వేసే వీలు లేదు, మానడానికి వారాల నుంచి నెలలు పడుతుంది, అన్నాళ్లూ ఆఫీసులో కుర్చీలో కూర్చోవడమే నరకం. క్వాడ్ గురించి, 17 డిగ్రీల గురించి పైన చెప్పుకున్న అభ్యంతరాలు ఏవీ వీళ్లకి లేవు, మార్కులు వేసే జడ్జి లేరు. జంప్ మొదలుపెట్టే దాకా ఆగక్కర్లేదు, వెనక్కి స్కేట్ చెయ్యడం నేర్చుకునే మొదటి వారాల్లోనే క్రాష్ ప్యాంట్స్, మణికట్టు గార్డ్స్, హెల్మెట్ వీళ్లకి పనికొస్తాయి.